సెంట్రింగు విప్పాలి కదా!

చేతిలో రంగుల పత్రిక ఏదైనా ఉంటే ఓసారి దాని అట్ట చూడండి. ఆకాశమో, సముద్రమో, ఎవరి చీరో, ఎక్కడో ఒకచోట నీలం కనబడుతుంది. ఏ ప్రెస్సులో అచ్చయినా ఆ నీలం ఇంకులో ఉండేది దాదాపుగా ఒకటే పదార్థం. దాని పేరు కాపర్ థాలోసయనిన్. పేరు కొత్తగా ఉండొచ్చుగానీ వస్తువు మనం రోజూ చూసేదే. గోడలకు వేసే రంగుల్లో, ప్లాస్టిక్ బకెట్లలో, నీళ్ళ డ్రమ్ముల్లో అన్నిట్లో ఉంటుంది. ఎండకు వెలవదు, వేడికి చెడదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి ఆ ద్రావణాన్ని నీళ్ళలో పోస్తే మళ్ళీ అదే నీలం పొడిగా అడుక్కి దిగుతుంది. ఇంత గట్టి రంగు ఎలా బయటపడిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

1928. స్కాట్లండ్‌లో గ్రాంజ్‌మౌత్ అనే ఊళ్ళో స్కాటిష్ డైస్ అనే రంగుల కంపెనీ ఉండేది. అక్కడ కరిగించిన థాలిక్ ఎన్‌హైడ్రైడ్‌లోకి అమోనియా వాయువు పంపి థాలిమైడ్ అనే తెల్లటి సరుకు తీసేవాళ్ళు. పాత్ర ఇనుపది, లోపల ఎనామెల్ పూత. ఒక పాత్రలో ఆ పూత బీటవేసింది. బీటలోంచి ఇనుము బయటపడి, కాగుతున్న సరుకుకు తగిలింది. తెల్లగా దిగాల్సిన థాలిమైడ్‌లో నీలి ఆకుపచ్చ పదార్థం కనబడింది. అక్కడి కెమిస్టులు దాన్ని చెత్త కింద పారబొయ్యకుండా వేరుచేసి పరీక్షించారు. అందులో ఇనుము ఉంది. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఆ ఇనుము బయటికి రావడం లేదు!

నిజానికి అంతకు ముందేడు, 1927లో, స్విట్జర్లండ్‌లోని ఫ్రైబర్గ్‌లో ఇద్దరు రసాయనవేత్తలకు రాగితో ఇలాంటి నీలమే ఎదురైంది. అదేమిటో మాత్రం అప్పటికి తేలలేదు. తేల్చినవాడు లండన్ ఇంపీరియల్ కాలేజీలోని లిన్‌స్టెడ్. 1934లో ఆయన ఆ అణువు నిర్మాణాన్ని విప్పి చెప్పాడు. మధ్యలో ఒక లోహపు అయాన్. దాని చుట్టూ ఒకే రకం ముక్కలు నాలుగు, ఒక్కొక్కటీ తన నైట్రోజన్‌ను లోహం వైపు తిప్పి కూర్చున్నాయి. అలా కూర్చున్నాక పక్కపక్క ముక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోయి వలయం మూసుకుంది. ఇనుము బదులు రాగి పెడితే రంగు మరింత శుభ్రమైన నీలం. 1935లో ఐసీఐ కంపెనీ దాన్నే మొనాస్ట్రల్ బ్లూ పేరుతో బజార్లోకి తెచ్చింది.

నాకు ఈ కథలో ఎంతో నచ్చేది ఆ బీట. పాత్ర బాగుండి ఉంటే నాలుగు ముక్కలూ దేనిదారిన అది తెల్లగా గడ్డకట్టేవి. ఇనుము తగలగానే అవి దాని చుట్టూ చేరాయి. చేరినవి కలిశాయి. బయటినుంచి ఎవరూ కూర్చలేదు, మధ్యలో ఒక అయాన్ ఉండటమే సరిపోయింది. ఇలా ముక్కల్ని పిలిచి, వరస చూపించి, కలిసేలా చేసే అణువునో అయాన్‌నో రసాయన శాస్త్రంలో టెంప్లేట్ అంటారు. ఇవాళ్టి మన కబుర్లన్నీ దాని గురించే.

అయినా నాలుగు ముక్కలు కలవడానికి ఇంత తతంగం ఎందుకు అంటారా? చెబుతాను. ఒక పొడుగాటి గొలుసు అణువు ఉందనుకోండి. దాని రెండు కొసలూ ఒకదాన్నొకటి అంటుకునే స్వభావం ఉన్నవి. వలయం కావాలంటే దాని తల వెళ్ళి దాని తోకనే అంటుకోవాలి. ఫ్లాస్కులో మాత్రం దాని పక్కన అలాంటి గొలుసులు కోటానుకోట్లు ఉంటాయి. తన తోక దొరికేలోపే పక్కదాని తోక తగులుతుంది, దాన్ని పట్టేసుకుంటుంది. అది ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. చివరికి మనకు మిగిలేది జిగట ముద్ద. 1912లో స్విస్ రసాయనవేత్త పాల్ రుగ్లి దీనికో ఉపాయం చెప్పాడు. ద్రావకం విపరీతంగా ఎక్కువ పోసి, సరుకు బొత్తిగా కొంచెం వెయ్యడం. పక్కవాళ్ళు దూరమైతే తన తోక తనకే దొరుకుతుంది. ఉపాయం మంచిదే. కానీ గ్రాము సరుకు కోసం బిందెలకొద్దీ ద్రావకం ఖర్చుపెట్టాలి. టెంప్లేట్ ఉంటే ఆ బాధ లేదు. గొలుసును తన చుట్టూ తిప్పుకుని, తలనూ తోకనూ పక్కపక్కన పెడుతుంది.

ఇల్లు కట్టినవాళ్ళకు ఇది వెంటనే తడుతుంది. శ్లాబు వెయ్యాలంటే ముందు సెంట్రింగు కట్టాలి. కర్రలు నిలబెట్టి, రేకులు పరిచి, ఇనుప చువ్వలు అల్లి, అప్పుడు కాంక్రీటు పోస్తారు. కాంక్రీటుకు ఆకారం ఇచ్చేది సెంట్రింగే, అది గట్టిపడేదాకా మోసేదీ అదే. తడి ఆరి, శ్లాబు తన బరువు తాను మొయ్యగలిగాక సెంట్రింగు విప్పాలి. విప్పకపోతే అది ఇల్లు కాదు, కర్రల అడవి. తొందరపడి విప్పితే శ్లాబు కూలుతుంది. టెంప్లేట్ కథలన్నిట్లోనూ నేను మొదట చూసేది ఇదే: సెంట్రింగు విప్పారా? ఎలా విప్పారు? పట్టుకునేవాడి పట్టు ఎంత గట్టిగా ఉండాలి, ఎప్పుడు సడలాలి అన్నదాంట్లోనే ఈ విద్య మర్మమంతా ఉంది.

మన నీలం రంగులో సెంట్రింగు విప్పలేదు. రాగి లోపలే ఉండిపోయింది. రంగుకు అది మంచిదే అయింది, ఆ గట్టిదనంలో రాగికీ వాటా ఉంది. ఇక్కడ మన ఒంట్లో జరిగేది కూడా ఒక్క మాట చెప్పాలి. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌లోనూ ఇలాంటి వలయమే, మధ్యలో ఇనుమే. చూడగానే ఇదీ ఇనుము చుట్టూ అల్లుకుందేమో అనిపిస్తుంది. కానీ కణంలో వలయం ముందు పూర్తిగా తయారవుతుంది, ఆ తరవాత ఒక ఎంజైము ఇనుమును తెచ్చి మధ్యలో కూర్చోబెడుతుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు కట్టడాలు రెండు దారుల్లో రావచ్చన్నమాట. ఒక వస్తువు మధ్యలో ఏం ఉందో చూసి, దాన్ని కట్టినది అదేనని తీర్పు చెప్పకూడదు.

బీటవేసిన పాత్రలో అనుకోకుండా జరిగినదాన్ని అనుకుని చెయ్యడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1960లో న్యూజీలండ్ రసాయనవేత్త నీల్ కర్టిస్ ఒక నికెల్ సమ్మేళనాన్ని అసిటోన్‌లో కలిపితే, ఆ అసిటోన్ అణువులే ముక్కల మధ్య వంతెనలై నికెల్ చుట్టూ వలయాన్ని మూసేశాయి. 1964లో అమెరికాలో డారిల్ బుష్, తన సహచరుడు థాంప్సన్‌తో కలిసి, ముందుగానే కాగితం మీద లెక్క వేసుకుని నికెల్‌ను మధ్యలో పెట్టి వలయం కట్టి చూపించాడు. టెంప్లేట్ అనే ఆలోచన అక్కడినుంచి పనిముట్టయింది.

ఇప్పుడు మీకొక మనిషిని పరిచయం చేస్తాను. చార్లెస్ పెడర్సన్. 1904లో కొరియాలోని బూసాన్‌లో పుట్టాడు. తండ్రి నార్వే ఆయన, తల్లి జపాన్ ఆవిడ. అమెరికా వెళ్ళి చదువుకుని 1927లో డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. పీహెచ్‌డీ చెయ్యలేదు. 42 ఏళ్ళు ఆ ఒక్క కంపెనీలోనే పనిచేశాడు. 1960ల మొదట్లో, రిటైర్‌మెంటు కనుచూపు మేరలో ఉన్నప్పుడు, ఆయన వెనేడియం లోహాన్ని పట్టుకునే ఒక అణువు కోసం చూస్తున్నాడు. దానికి కాటెకాల్ అనే పదార్థం కావాలి. కాటెకాల్‌కు చర్య జరిపే చోట్లు రెండు. ఒకదాన్ని మూసిపెట్టి, రెండోదానితో పని జరిపించాలన్నది ఆయన పథకం. మూసిన సరుకులో 10 శాతం దాకా మూయని కాటెకాల్ కలిసి ఉందని ఆయనకు తెలుసు. ఎలాగూ చివర్లో శుద్ధి చెయ్యాలి కదా అని అలాగే వాడాడు.

వచ్చింది జిగురు ముద్ద. దాన్ని శుద్ధి చేస్తుంటే పట్టుదారాల్లా మెరిసే తెల్లటి స్ఫటికాలు చిటికెడు వచ్చాయి. దిగుబడి 0.4 శాతం. వెయ్యి గ్రాములు రావలసిన చోట నాలుగు గ్రాములు! అసలు కావలసిన సరుకు అది కాదు. మరొకరైతే కడిగేసేవారు. పెడర్సన్ ఆ చిటికెడును పట్టుకుని కూర్చున్నాడు. మిథనాల్‌లో వేశాడు, సరిగ్గా కరగలేదు. అందులో సోడియం హైడ్రాక్సైడ్ వేశాడు, చక్కగా కరిగింది. క్షారం వల్ల కరిగిందేమో అనుకోవచ్చు. అయితే క్షార గుణం లేని మామూలు సోడియం లవణం వేసినా అలాగే కరుగుతోంది. అంటే పని చేస్తున్నది సోడియం. లెక్క కడితే ఆ అణువు 18 పరమాణువుల వలయం అని తేలింది, అందులో 6 ఆక్సిజన్లు. మధ్యలో ఖాళీ. సోడియం అయాన్ వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంటోంది! అయాన్ నెత్తిన కిరీటం పెట్టినట్టుందని ఆయన వాటికి క్రౌన్ ఈథర్లని పేరు పెట్టాడు.

తరవాత మూయని కాటెకాల్‌నే నేరుగా వాడి అదే పదార్థం చేస్తే దిగుబడి సుమారు 45 శాతం వచ్చింది, అదీ బిందెలకొద్దీ ద్రావకం పొయ్యకుండానే. 18 పరమాణువుల వలయం అంత సులువుగా ఎలా మూసుకుంది? చర్యలో వాడిన సోడియం హైడ్రాక్సైడ్‌లోని సోడియమే ముక్కల్ని తన చుట్టూ ముప్పాతిక వంతు చుట్టుకుని, ఆఖరి ముక్క కలిసేలా చేస్తోందని పెడర్సన్ గ్రహించాడు. సోడియం, పొటాషియం క్షారాలు వాడినప్పుడు దిగుబడి బాగుంది, లిథియం వాడితే తగ్గింది. లిథియం మరీ చిన్నది, ఆ చుట్టుకు చాలదు.

ఒక్క క్షణం ఆగి ఇక్కడ చూడండి. ఆయన చేతికొచ్చిన ఆ తెల్లటి స్ఫటికాల్లో సోడియం లేదు. వలయం కట్టే పని చూసుకుని వెళ్ళిపోయింది. అది వెళ్ళిన చోట దానికి సరిపోయే ఖాళీ మిగిలింది. మళ్ళీ సోడియం చూపించగానే వలయం దాన్ని లోపలికి తీసుకుంది. ఎందుకు తీసుకోదు, ఆ చోటు కొలిచి కట్టించింది అదే కదా! ఆక్సిజన్లు అయాన్‌ను తమవైపు లాగుతాయిగానీ, గట్టి బంధం వేసి కట్టెయ్యవు. అందుకే రాకపోకలు సాధ్యమయ్యాయి. రాగి నీలానికీ దీనికీ తేడా అంతా ఆ పట్టులోనే. పెడర్సన్ ఈ సంగతులన్నీ 1967లో ప్రచురించాడు. 1969లో రిటైరయ్యాడు. 1987లో జాన్-మరీ లెన్, డొనాల్డ్ క్రామ్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకునేనాటికి ఆయనకు 83 ఏళ్ళు. 0.4 శాతాన్ని గౌరవించిన మనిషి అని ఆయన్ను తలుచుకుంటాను.

వలయం అయింది. ఒక వలయంలోంచి ఇంకో వలయం దూరి, గొలుసు లంకెల్లా ఉండాలంటే? వాటి మధ్య రసాయన బంధం ఏదీ ఉండదు, ఊరికే చిక్కుకుని ఉంటాయి. దీన్ని కాటినేన్ అంటారు. 1960లో అమెరికా బెల్ లాబ్స్‌లో వాసర్‌మన్ దీన్ని కేవలం అదృష్టం మీద వదిలి సాధించాడు. వలయాల మధ్య గొలుసుల్ని తిరగనిచ్చి, ఏదో ఒకటి దూరిన సమయానికే మూసుకుంటే సరి. దిగుబడి ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి, ఒక శాతం కూడా దక్కలేదు.

1983లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జాన్-పియెర్ సోవాజ్ బృందం ఈ పని రాగికి అప్పజెప్పింది. సోవాజ్ అప్పటిదాకా కాంతితో నడిచే రాగి సమ్మేళనాల మీద పనిచేస్తున్నాడు. అందులో ఒక రాగి అయాన్ చుట్టూ నెలవంక ఆకారపు అణువులు రెండు, ఒకదానికొకటి అడ్డంగా కూర్చుంటాయి. నాలుగు నైట్రోజన్లు నాలుగు దిక్కులనుంచి పట్టుకోవాలన్నది ఆ అయాన్‌కు ఇష్టం. ఆ ఆకారం చూస్తూ ఆయనకు తట్టింది: ఈ రెండు నెలవంకలకూ కొసలు కలిపి వలయాలుగా మూస్తే, అవి ఒకదానిలోంచి ఒకటి దూరి ఉంటాయి కదా! ఆయన, క్రిస్టియాన్ డీట్రిష్-బుషెకర్ తదితరులు చేసి చూస్తే దిగుబడి 42 శాతం దాకా వచ్చింది. ఒక శాతం కూడా లేనిచోట 42.

ఇక సెంట్రింగు విప్పాలి. రాగి మధ్యలో ఉన్నంతకాలం రెండు వలయాలూ కదలకుండా బిగిసి ఉంటాయి. దానికి సయనైడ్ వేశారు. సయనైడ్‌కు రాగి అంటే నైట్రోజన్లకంటే ఎక్కువ ఆశ, వచ్చి రాగిని పట్టుకుపోయింది. ముదురు ఎరుపు రంగు పోయింది. రాగి పోయాక రెండు వలయాలూ ఒకదానిలో ఒకటి స్వేచ్ఛగా తిరుగుతూ మిగిలాయి. అలా తిరగగలగడం వల్లే వాటితో అణు యంత్రాలు కట్టవచ్చన్న ఆశ పుట్టింది. 1989లో ఇదే రాగి పద్ధతిని పొడిగించి అణువును ముడి వేశారు, దిగుబడి 3 శాతం. 2016లో సోవాజ్‌కు స్టోడర్ట్, ఫెరింగాలతో కలిపి నోబెల్ వచ్చింది.

టెంప్లేట్ ఎంత ఉంటే వస్తువు అంతే వస్తుందా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. దీనికి ఆక్స్‌ఫర్డ్‌లో హ్యారీ ఆండర్సన్ బృందం 2011లో ఇచ్చిన జవాబు వింటే చిన్నప్పుడు బళ్ళో చేసిన క.సా.గు. లెక్కలు గుర్తొస్తాయి. వాళ్ళ దగ్గర ఆరు కాళ్ళున్న టెంప్లేట్ ఉంది. ఇటు చూస్తే ఒక్కోదానిలో నాలుగు పార్ఫిరిన్ ముక్కలున్న గొలుసులు; పార్ఫిరిన్ అంటే ఇందాక హీమ్‌లో చూసిన రకం వలయమే. ఒక్కో పార్ఫిరిన్ మధ్యలో ఉన్న జింక్ ఒక్కో కాలును పట్టుకుంటుంది. ఒక గొలుసు ఎక్కితే రెండు కాళ్ళు ఖాళీగా ఉంటాయి. ఇంకో గొలుసు ఎక్కితే దాని రెండు ముక్కలు బయటికి వేలాడతాయి. ఏ కాలూ ఖాళీగా ఉండకూడదు, ఏ ముక్కా వేలాడకూడదు అంటే ఎంత కావాలి? 4, 6ల కనిష్ఠ సామాన్య గుణిజం 12. రెండు టెంప్లేట్లు, మూడు గొలుసులు. సరిగ్గా అలాగే కలిశాయి. 12 ముక్కల వలయం రెండు టెంప్లేట్ల చుట్టూ 8 అంకె ఆకారంలో చుట్టుకుంది. చివర్లో పిరిడిన్ అనే ద్రవం పోసి టెంప్లేట్లను తప్పించారు. టెంప్లేట్ కాలి చివరన ఉన్నదీ పిరిడిన్ లాంటి ముక్కే. అలాంటివి ఎన్నో వచ్చి మీదపడితే జింక్ పాత పట్టు వదిలేస్తుంది. 8 విచ్చుకుని గుండ్రటి వలయం మిగిలింది. చిన్న సెంట్రింగుతో దానికంటే పెద్ద కట్టడం లేపారన్నమాట.

ఇందాక పెడర్సన్ వలయం సోడియాన్ని గుర్తుపట్టింది కదా, ఆ గుర్తుపట్టడాన్నే పనికి పెట్టినవాళ్ళున్నారు. 1940లో లైనస్ పాలింగ్ ఒక మాట ప్రతిపాదించాడు. ఒంట్లోకి వచ్చిన రోగకారక పదార్థాన్ని టెంప్లేట్‌గా పెట్టుకుని, దాని ఒంపుసొంపుల ప్రకారం యాంటీబాడీ మడత పడుతుందని. శరీరం విషయంలో అది నిలవలేదు. మన ఒంట్లో రకరకాల యాంటీబాడీలు చేసే కణాలు ముందే ఉంటాయి, సరిపోయినదాన్ని ఎన్నుకుని పెంచుకోవడమే జరుగుతుందని తరవాత తేలింది. కానీ ఆ ఆలోచనను ఫ్లాస్కులో పరీక్షిస్తూ పాలింగ్ శిష్యుడు ఫ్రాంక్ డికీ 1949లో చేసిన ప్రయోగం బతికి బట్టకట్టింది. మిథైల్ ఆరెంజ్ తెలుసుగా, ఇంటర్ ల్యాబులో టైట్రేషన్‌కు చుక్కలు వేసుకున్న రంగు. దాని సమక్షంలో సిలికా జెల్ గడ్డకట్టనిచ్చి, తరవాత మిథనాల్‌తో రంగంతా కడిగేశాడు. ఆ జెల్లు మిథైల్ ఆరెంజ్‌ను దాని దగ్గరి బంధువులైన ఇథైల్, ప్రొపైల్ ఆరెంజ్‌లకంటే ఎక్కువగా పీల్చుకుంది. ఇథైల్ ఆరెంజ్‌తో చేసిన జెల్లు ఇథైల్‌ను ఎక్కువగా పీల్చుకుంది. టెంప్లేట్ వెళ్ళిపోవడమే ఇక్కడ సరుకు, అది ఖాళీ చేసిన చోటే మనకు కావలసినది. ఇవాళ ప్లాస్టిక్‌లలో ఇలాంటి గుర్తులు వేసి, ఫలానా మందును, ఫలానా పురుగుమందును మాత్రమే పట్టే పదార్థాలు చేస్తున్నారు.

దీన్నే భారీగా చేసి చూపించింది మొబిల్ కంపెనీ, 1992లో. మీ ఇంట్లో హెయిర్ కండిషనర్ సీసా ఉంటే వెనక చిన్న అక్షరాల్లో సెట్రిమోనియం క్లోరైడ్ ఉందేమో చూడండి. దానికి ఒక తలా, 16 కార్బన్ల తోకా ఉంటాయి. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు గిట్టవు. నీళ్ళలో వేస్తే తోకలన్నీ లోపలికి దాక్కుని, తలలు బయటికి పెట్టి, గుంపులుగా చేరతాయి. ఆ గుంపులు సన్నటి కడ్డీలవుతాయి. మొబిల్ శాస్త్రవేత్తలు ఈ రకం అణువుల మధ్య సిలికాను పెరగనిచ్చారు. కడ్డీల చుట్టూ సిలికా గోడలు లేచాయి. ముందు కడ్డీలు పేర్చుకుని తరవాత సిలికా వచ్చిందా, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కలిసి పేర్చుకున్నాయా అని చాలా పరిశీలన జరిగింది. కలిసి పేర్చుకోగలవని తేలింది, టెంప్లేట్ తానూ అప్పుడే తయారవుతోందన్నమాట. చివర్లో దాదాపు 540 డిగ్రీల వేడిలో కాల్చారు. కడ్డీలు కాలిపోయాయి. వాటి చోట షడ్భుజి వరసల్లో ఒకే కొలత సొరంగాలు మిగిలాయి. తోక పొడుగు మార్చి, కొన్ని చోట్ల మరో నూనె పదార్థం చేర్చి, సొరంగం వెడల్పును 1.6 నానోమీటర్ల నుంచి 10 నానోమీటర్ల దాకా ఎంచుకోవచ్చు. ఒక్క గ్రాము పొడిలో 700 చదరపు మీటర్లకు మించిన లోపలి గోడలు! అంటే ఎనిమిది వందల గజాల స్థలానికి పైమాటే.

విప్పకూడని సెంట్రింగూ ఉంది. పొగాకు ఆకులకు మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్ సంగతి చూడండి. పొగాకు పండించే మన గుంటూరు, ప్రకాశం రైతులకు తెగుళ్ళ పేర్లు కొత్త కాదు. ఆ వైరస్ ఒక కడ్డీ. 300 నానోమీటర్ల పొడుగు, 18 నానోమీటర్ల లావు. ఒకే రకం ప్రొటీన్ ముక్కలు 2,130 మరమేకు చుట్లలా పేర్చి, వాటి మధ్య దాదాపు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు చుట్టి ఉంటుంది. 1955లో అమెరికాలోని బర్క్‌లీలో ఫ్రెంకెల్-కాన్‌రాట్, రాబ్లీ విలియమ్స్ ఈ వైరస్‌ను ప్రొటీన్‌గా, ఆర్‌ఎన్‌ఏగా విడదీసి, మళ్ళీ నీళ్ళలో కలిపారు. వాటంతట అవే పేర్చుకుని తెగులు అంటించగల వైరస్‌లయ్యాయి! ఆర్‌ఎన్‌ఏ లేకుండా ప్రొటీన్ ముక్కలు కూడా కడ్డీ కట్టగలవు, కానీ ఎక్కడ ఆగాలో వాటికి తెలియదు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఆర్‌ఎన్‌ఏ ఉంటే పోగు ఎక్కడ అయిపోతే అక్కడ ఆగుతాయి, ప్రతి కడ్డీ 300 నానోమీటర్లే. ఇక్కడ టెంప్లేట్ కొలబద్ద. అది లోపల ఉండి తీరాలి కూడా, ఎందుకంటే మోసుకెళ్ళాల్సిన సందేశం అదే.

ఇంత దూరం వచ్చాం కనక ఇక అసలు ప్రశ్న అడుగుదాం. టెంప్లేట్ తనలాంటి టెంప్లేట్‌నే కట్టగలదా? కట్టగలిగితే ఒకటి రెండు, రెండు నాలుగు అవుతాయి, అది జీవం వైపు పడే అడుగు. 1986లో జర్మనీలో గుంటర్ ఫాన్ కీడ్రోవ్‌స్కీ ఎంజైములేవీ లేకుండా దీన్ని చేసి చూపించాడు. ఆరక్షరాల డీఎన్‌ఏ ముక్క ఒకటి. దానిమీద మూడేసి అక్షరాల ముక్కలు రెండు వచ్చి జతపడతాయి, పక్కపక్కన కూర్చుంటాయి, కలుస్తాయి. కలిసి తయారయ్యేది మళ్ళీ అదే ఆరక్షరాల ముక్క.

అద్భుతం కదా! కానీ పెంపు మాత్రం రెట్టింపు లెక్కన సాగలేదు. టెంప్లేట్‌ను నాలుగు రెట్లు వేస్తే వేగం రెండు రెట్లే పెరుగుతోంది. ఎందుకంటే పుట్టిన ముక్క కన్నదాన్ని వదలడం లేదు. విడి ముక్కలు మూడక్షరాలతో పట్టుకున్నాయి, కలిశాక పట్టు ఆరక్షరాలది అయింది. కట్టడం పూర్తయ్యేకొద్దీ పట్టు బిగుస్తోంది. జంటగా అంటుకుపోయినవి కొత్త ముక్కలకు చోటివ్వవు. ముక్కల్ని చక్కగా పోగుచేసే గుణమే ఆ తరవాత అడ్డమై కూర్చుంది. భూమ్మీద జీవం మొదట ఎలా మొదలైందని వెతికే రసాయనవేత్తలు ఇప్పటికీ ఎదుర్కొంటున్న గట్టి చిక్కుల్లో ఇదొకటి. కలపడానికి దారులు చాలా దొరికాయి. విడదీయడమే కష్టం.

మన కణాల్లో ఆ పనికి ప్రత్యేకంగా ఎంజైములున్నాయి. అవి శక్తి ఖర్చుపెట్టి మరీ డీఎన్‌ఏ పోగుల్ని విప్పుతాయి. ల్యాబులో ఆ పని వేడి చేస్తుంది. కరోనా రోజుల్లో మనమంతా ముక్కులో పుల్ల పెట్టించుకుని ఆర్‌టీపీసీఆర్ ఫలితం కోసం ఎదురుచూశాం. ఆ యంత్రం లోపల జరిగేది ఇదే. దాదాపు 95 డిగ్రీలకు వేడిచేస్తే రెండు పోగులూ విడిపోతాయి. చల్లబరిస్తే ఒక్కో పోగు టెంప్లేట్ అవుతుంది, దానిమీద ఎంజైము కొత్త పోగు కడుతుంది. మళ్ళీ వేడి, మళ్ళీ విడుదల. ఒక్కో చుట్టుకు దాదాపు రెట్టింపు. ముప్ఫై చుట్లలో ఒకటి వందకోట్లవుతుంది. అప్పట్లో అందరి నోటా వినబడిన సీటీ విలువ, యంత్రం గుర్తుపట్టడానికి ఇలాంటి చుట్లు ఎన్ని పట్టాయన్న లెక్కే. ఆ వేడి లేకపోతే మొదటి చుట్టుతోనే జతలు బిగిసిపోయి కథ అక్కడే ఆగిపోయేది.

మీ ఇంట్లో ఇంటర్ రెండో ఏడాది చదివే పిల్లలుంటే, సమన్వయ సమ్మేళనాల పాఠంలో రాగికి ఎన్ని బంధాలు, నికెల్‌కు ఏ ఆకారం అని బట్టీపడుతూ కనబడితే, కాసేపు పుస్తకం మూయించి సోవాజ్ రాగి కథ చెప్పండి. రాగి నాలుగు దిక్కులా నాలుగు నైట్రోజన్లను కోరుకుంటుందన్న ఒక్క ముక్కను పట్టుకుని ఒక మనిషి వలయంలోకి వలయం దూర్చాడని తెలిస్తే, ఆ పట్టికలో అంకెలు వాళ్ళకు మరోలా కనబడతాయి. చెప్పాక రెండు ప్రశ్నలు వాళ్ళకు అప్పగించండి. ఏ కొత్త అణువు బొమ్మ ఎదురైనా, ఈ ముక్కల్ని పోగుచేసింది ఎవరు అని ఒకటి. పని అయ్యాక దాన్ని బయటికి పంపింది ఎవరు అని రెండోది. మొదటిదానికి జవాబు చాలా పుస్తకాల్లో దొరుకుతుంది. రెండోదానికి ఇంకా పనివాళ్ళు కావాలి, ఆ పని మన పిల్లల చేతుల్లోనూ జరగాలని నా కోరిక.